బఫ్ చక్రం, షెఫీల్డ్ అమ్మాయిలు, నా కత్తి

నా కత్తుల షెడ్డులో ఒక పాత బఫ్ మోటార్ ఉంది. నిమిషానికి 2850 చుట్లు తిరుగుతుంది. దానికి 20 సెంటీమీటర్ల గుడ్డ చక్రం బిగిస్తే, అంచు వేగం గంటకి దాదాపు 107 కిలోమీటర్లు! గుడ్డే కదా, ఏం చేస్తుందిలే అనుకున్నా. పోయినేడాది ఒక కత్తి మొన అందులో చిక్కుకుంది. చక్రం దాన్ని నా చేతిలోంచి లాగేసి, కాళ్ల దగ్గర నేలకేసి కొట్టింది. అంగుళం ఇటైతే పాదంలో దిగేదే.

మర్నాడే మోటార్‌ని పాత ఇనుముకి వేసేద్దామనుకున్నా. అంతలో షెఫీల్డ్ చరిత్ర చదివాను. ఇంగ్లాండ్‌లో కత్తులకి పేరుమోసిన ఊరది. అక్కడ బఫింగ్ పని ఎక్కువగా ఆడవాళ్లదే. వాళ్లని 'బఫర్ గర్ల్స్' అనేవాళ్లు. తలకి గుడ్డ కట్టుకుని, ఒంటికి న్యూస్‌పేపర్లు చుట్టుకుని, నూనె కలిపిన ఇసుకతో మెరుగు పెట్టేవాళ్లు. విలియం రోథెన్‌స్టైన్ 1919లో వాళ్ల బొమ్మ కూడా గీశాడు.

మరి వాళ్ల చేతుల్లో ఉన్నవేంటి? ఎక్కువగా చెంచాలు, ఫోర్కులు. కత్తికున్న పదును వాటికి లేదు. నా తప్పేంటో అక్కడ తెలిసింది.

ఇప్పుడు 10 సెంటీమీటర్ల చక్రం బిగించాను. అంచు వేగం సగమైతే, వస్తువుని విసిరే శక్తి నాలుగో వంతుకి పడిపోతుంది. పిడి కర్ర, ఇత్తడి పిన్నులు మాత్రమే దానికి ఆనిస్తాను, అదీ కత్తికి పదును పెట్టకముందే, చక్రం కింది సగంలోనే. కళ్లద్దాలు, మాస్క్ తప్పనిసరి. గ్లౌజులు మాత్రం వద్దు, చిక్కుకుంటే చెయ్యి కూడా పోతుంది. ఇక పదునంటారా, తోలుపట్టీ మీద చేత్తోనే. కాస్త ఆలస్యమవుతుంది, అంతే.