జగ్గయ్యపేట మాంధాత శిల్పఫలకం

కృష్ణాలోయలో వెలసిన తొలి బౌద్ధ శిల్పాలలో ఎన్నదగిన జగ్గయ్యపేట మాంధాత ఫలకం పూర్వపు కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలోని ధనంబోడు గుట్ట మీది స్తూపానికి చెందినది. క్రీ.పూ. 1వ శతాబ్దికి చెందినదిగా సాధారణంగా భావించే ఈ ఫలకం ఇప్పుడు చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. గుట్టకు చేరువలోని ఊరికి పూర్వనామం బేతవోలు. అమరావతి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు దానికి తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టాడు.

ఫలకం నడుమ నిలిచిన చక్రవర్తి కుడిచేయి పైకెత్తగా, మేఘాల నుండి చతురస్రాకారపు నాణేలు వానగా కురుస్తాయి. బౌద్ధ కథల్లో ఇలా ధనవర్షం కురిపించినవాడు మాంధాత కనుక పండితులు ఈ మూర్తిని ఆయనదిగా గుర్తించారు. చక్రవర్తికి ఉండవలసిన సప్తరత్నాలు, అంటే చక్రం, మణి, ఏనుగు, గుర్రం, స్త్రీ, గృహపతి, పరిణాయకుడు (సేనను నడిపే ప్రధానుడు), ఆయన చుట్టూ కొలువుదీరాయి. నాణేల ఆకారం అచ్చుగుద్దిన పాత వెండి నాణేలను పోలి ఉండడం వల్ల, ఆనాటి ద్రవ్యం రూపం శిల్పి కళ్లెదుట ఉన్నదేనని చెప్పవచ్చు.

దీనిని పూర్వం పాలరాయిగా వ్యవహరించినా నిజానికి ఇది పల్నాటి సున్నపురాయి. ఇక్కడి శిల్పి అల్పోన్నత పద్ధతిని, అంటే బొమ్మ రాతితలం నుండి కొద్దిగా మాత్రమే పైకి లేచే పద్ధతిని ఎంచుకున్నాడు. అవయవాలు సన్నగా సాగి, నిలుపు కొంత బిగువుగా కనిపిస్తుంది. తరువాతి అమరావతి శిల్పాల్లోని నిండుదనం ఇందులో లేకపోయినా, గీతలోని స్పష్టత మాత్రం వాటికి తీసిపోదు.

1882లో పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్జెస్ ఈ స్తూపాన్ని తవ్వించి, 1887లో అమరావతి స్తూపంతో కలిపి గ్రంథం ప్రకటించాడు. సుమారు ముప్పై ఒకటిన్నర అడుగుల వ్యాసం గల ఈ స్తూపం పెద్దది కాదు. అయినా దాని శాసనాలు ఎంతో విలువైనవి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో, క్రీ.శ. 3వ శతాబ్దిలో, సిద్ధార్థుడనే ఆవేశని (చేతిపనివాడు, శిల్పి) శాసనంలో వేలగిరి మహాచైత్యంగా పేర్కొన్న ఈ స్తూపపు తూర్పు ద్వారం వద్ద ఐదు ఆయక స్తంభాలు, అంటే స్తూపపు వేదిక మీద వరుసగా నిలిపే కంబాలు, ప్రతిష్ఠించాడు. తండ్రి నాకచందుడు కూడా ఆవేశనియే. రాజులే కాక, రాళ్లతో పనిచేసే కుటుంబం కూడా దాత కావడం ఈ శాసనాల్లోని అత్యంత ముఖ్యమైన విషయం. తరువాతి లిపిలోని మరో శాసనం నాగార్జునాచార్యుని శిష్యుడైన జయప్రభాచార్యుని, ఆయన శిష్యుడు చంద్రప్రభుని పేర్కొంటూ, ఆ చంద్రప్రభుడు ఇక్కడ బుద్ధ విగ్రహాన్ని నెలకొల్పినట్లు చెబుతుంది. అంటే ఈ గుట్ట కొన్ని శతాబ్దాల పాటు ఆరాధనాస్థలంగా నిలిచింది.

ఈ శిల్పాన్ని సరిగ్గా గ్రహించాలంటే ఎగ్మూరులోని ఫలకాన్ని, ధనంబోడు మీది స్తూపాన్ని, రెండింటినీ పాఠకుడు చూడవలసి ఉంటుంది.