చిన్న దుకాణమునకు రెండవ తీగ

వర్తకమునకు మాట ప్రాణము. సరకు ఎంత మంచిదైనను, కొనువాని పిలుపు అంగడికి చేరనిచో తక్కెడ కదలదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆ పిలుపును మోసిన టెలిఫోను తీగను గూర్చి వ్రాసినవారు పెద్ద కంపెనీల సంగతియే హెచ్చుగా వ్రాసిరి. ఆ తీగ చివర కూర్చున్న రొట్టెల దుకాణదారు, మంగలి, దంతవైద్యుడు, పనిముట్ల వ్యాపారి ఆ కథలో ఎక్కడనో మూలను కనిపింతురు. ఈ ప్రసంగములో మనము వారి వైపునుండి ఆ చరిత్రను చూతము. టెలివిజను బొమ్మలను ఇండ్లకు చేర్చుటకై పుట్టిన కేబులు కంపెనీలు, టెలిఫోను కంపెనీల చేతిలోనుండిన చిన్న వ్యాపారులను తమవైపు ఎట్లు త్రిప్పుకొనెను? ఆ పోటీ వలన చిన్నవానికి ఏమి దక్కెను? ఈ రెండు ప్రశ్నలును మన ముందున్నవి.

మొదటినుండియు టెలిఫోను వర్తకుల వస్తువే. గ్రాహంబెల్‌కు 1876 మార్చి 7న పేటెంటు లభించెను. రెండేండ్లు నిండకముందే, 1878 జనవరి 28న, కనెక్టికట్ రాష్ట్రములోని న్యూహేవెన్ పట్టణమున మొట్టమొదటి వాణిజ్య ఎక్స్ఛేంజి 21 మంది చందాదారులతో పని ప్రారంభించెను. ఫిబ్రవరి 21న వెలువడిన మొదటి డైరెక్టరీ ఒకే ఒక కాగితము. అందు 50 పేర్లు. వైద్యులు, దుకాణములు, కార్ఖానాలు, మాంసము చేపల అంగళ్లు, గుఱ్ఱపు బండ్లు అద్దెకిచ్చు శాలలు అందు కనిపించును. గృహస్థుల పేర్లు కొద్ది. పేర్లకెదురుగా నంబరులు లేవు; ఆపరేటరుకు పేరు చెప్పిన చాలును.

పేరు చెప్పిన చాలునను ఆ సదుపాయములోనే చిన్న వర్తకుని మొదటి భయము దాగియున్నది. పిలుపు ఎవరికి చేరవలెనో నిర్ణయించు చేయి అతనిది కాదు. కాన్సాస్ నగరమున శవసంస్కారములు జరిపించు వృత్తిలోనుండిన ఆల్మన్ స్ట్రౌజర్, తనకు రావలసిన పిలుపులు పోటీదారుకు మళ్లుచున్నవని అనుమానించెనని ప్రసిద్ధమైన కథ. ఆ పోటీదారు భార్యయే ఎక్స్ఛేంజిలో ఆపరేటరని కొందరు చెప్పుదురు. కథలో కల్పన ఎంతయున్నను ఫలితము నిజము. మనిషి చేయి అక్కరలేకుండ తీగలను కలుపు స్విచ్చికి ఆయన 1891లో పేటెంటు పొందెను. 1892 నవంబరులో ఇండియానా రాష్ట్రములోని లాపోర్టు పట్టణమున మొదటి ఆటోమాటిక్ ఎక్స్ఛేంజి వెలసెను. ఒక చిన్న వ్యాపారి అనుమానము డయలు టెలిఫోనుకు దారితీసినది.

బెల్ పేటెంట్ల గడువు 1893, 1894 సంవత్సరములలో తీరగానే దేశమంతట స్వతంత్ర కంపెనీలు పుట్టుకొని వచ్చెను. 1907 నాటికి దేశములోని టెలిఫోనులలో ఇంచుమించు సగము బెల్ వ్యవస్థకు వెలుపల నుండెను. పోటీ వలన చందాలు తగ్గిన మాట నిజమే. కాని ఒక కంపెనీ చందాదారు మరియొక కంపెనీ చందాదారుతో మాటలాడుటకు సాధారణముగ వీలు లేకుండెను. కావున ఊరిలోని గిరాకీనంతయు నిలుపుకొనదలచిన వర్తకుడు బల్లపై రెండు టెలిఫోనులు పెట్టుకొని రెండు చందాలు కట్టవలసి వచ్చెను. గృహస్థుడు ఒకదానితో సరిపెట్టుకొనగలడు. దుకాణదారుకు ఆ అవకాశము లేదు. అసలే అంతంత రాబడి గలవానికి రెండవ బిల్లు గోరుచుట్టుపై రోకటిపోటయ్యెను. రెండు తీగలున్న చాలదు, అవి ఒకదానితోనొకటి మాటలాడవలెనను పాఠము అతడు ఆనాడే నేర్చుకొనెను.

ఈ చికాకును ఆధారముగ గొని బెల్ సంస్థల అధినేత థియొడోర్ వెయిల్, దేశమంతటికిని ఒకే వ్యవస్థ ఉండవలెనని 1908 నుండి ప్రచారము సాగించెను. 1913 డిసెంబరు 19న ఆ కంపెనీ ఉపాధ్యక్షుడు కింగ్స్‌బరీ ప్రభుత్వమునకు వ్రాసియిచ్చిన హామీ ప్రకారము, స్వతంత్ర కంపెనీలను తన దూరపు తీగలతో కలుపుటకును, వెస్టర్న్ యూనియన్ టెలిగ్రాఫు కంపెనీలోని వాటాను వదలుకొనుటకును బెల్ పక్షము ఒప్పుకొనెను. 1921లో చేసిన చట్టము పోటీ కంపెనీలు ఒకటిగ కలిసిపోవుటకు దారి చూపెను. 1934లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఏర్పడెను. ఇట్లు ఊరికొక కంపెనీ, దానిపై ప్రభుత్వపు అదుపు అను ఏర్పాటు స్థిరపడెను. ఇంటి టెలిఫోను చౌకగా నుండుటకై వ్యాపారస్థుని చందాను హెచ్చుగా నిర్ణయించిరి. పల్లెలకు టెలిఫోను చేరుటకు ఈ పద్ధతి తోడ్పడెను. అందులో న్యాయమును కలదు. కాని ఆ భారము మోసినవారిలో పెద్ద కార్ఖానాతోపాటు వీధి మూలనున్న చెప్పుల దుకాణము కూడ నుండెను.

ఆ గుత్తాధిపత్యపు గోడకు బీటలు వేసినవారును చిన్నవారే. టెక్సాస్ రాష్ట్రమునకు చెందిన థామస్ కార్టర్, పొలములలోను చమురుబావుల వద్దను వాడు రేడియోను టెలిఫోనుతో కలుపు ఒక చిన్న పరికరమును తయారుచేసి అమ్మెను. పరాయి పరికరమును తమ తీగకు తగిలించరాదని టెలిఫోను కంపెనీలు అడ్డగించెను. 1968లో కమిషన్ కార్టరు పక్షమున తీర్పు చెప్పెను. షికాగో, సెయింట్ లూయీ నగరముల నడుమ తిరుగు లారీలవారికి రేడియో సౌకర్యము కల్పింపదలచి జాన్ గోకెన్ 1963లో ప్రారంభించిన ఎం.సి.ఐ. కంపెనీకి, 1969లో నలుగురు ఔనని ముగ్గురు కాదని, అతి స్వల్పమైన ఆధిక్యముతో కమిషన్ అనుమతి లభించెను. అది మొదలుగ సాగిన వ్యాజ్యముల ఫలితముగ 1984 జనవరి 1న బెల్ మహావ్యవస్థ విడిపోయెను. స్థానిక సేవ ఏడు ప్రాంతీయ కంపెనీల పాలయ్యెను. దూరపు పిలుపులలో పోటీ వచ్చినది. కాని ఎక్స్ఛేంజినుండి దుకాణము వరకు వచ్చు చివరి తీగ మాత్రము అప్పటికిని ఒక్కటే.

ఇక రెండవ తీగ పుట్టుక చూతము. 1948 ప్రాంతమున పెన్సిల్వేనియా కొండలలోని చిన్న ఊళ్లకు టెలివిజను తరంగములు సరిగా అందెడివి కావు. బొమ్మ రానిచోట టెలివిజను పెట్టెను ఎవరు కొందురు? మహనాయ్ సిటీలో సామానుల దుకాణము నడుపుచుండిన జాన్ వాల్సన్ కొండపై యాంటెన్నా నిలిపి తీగద్వారా బొమ్మను క్రిందికి దించెను. 1950లో లాన్స్‌ఫర్డ్ పట్టణమున రాబర్ట్ టార్ల్‌టన్ అను మరియొక దుకాణదారు అట్టి పనియే కంపెనీగ చేసెను. అనగా కేబులు పరిశ్రమయే దుకాణదారుల అవసరమునుండి పుట్టినది. తరువాతి కాలమున అతి పెద్దదైన కామ్‌కాస్ట్ కంపెనీకి మూలము, 1963లో మిసిసిపీ రాష్ట్రములోని ట్యూపెలో పట్టణమున కొన్న సుమారు 1,200 చందాదారుల చిన్న వ్యవస్థ.

కేబులు తీగకు స్తంభములు కావలెను. స్తంభములు టెలిఫోను కంపెనీలవి, విద్యుత్ కంపెనీలవి. అద్దె విషయమున జగడములు పెరుగగా 1978లో వానిని అదుపుచేయు చట్టము వచ్చెను. టెలిఫోను కంపెనీ తన ప్రాంతములో తానే కేబులు వ్యాపారము చేయరాదని 1970లో కమిషన్ నిషేధించెను. 1984 నాటి కేబులు చట్టము దానిని బలపరచెను. ఈ నిషేధము కేవలము టెలివిజనును ఉద్దేశించినది. కాని దాని వలన దేశమందలి వీధులలో ఇద్దరు వేర్వేరు యజమానులకు చెందిన రెండు తీగలు ప్రక్కప్రక్కన నిలిచెను. తరువాత జరిగిన పోటీకి ఇదియే పునాది.

1996 ఫిబ్రవరి 8న అధ్యక్షుడు క్లింటన్ సంతకము చేసిన టెలికమ్యూనికేషన్స్ చట్టము ఆ గోడలను తొలగించెను. కేబులువారు టెలిఫోను సేవను, టెలిఫోనువారు టెలివిజనును ఇయ్యవచ్చును. స్వంత తీగ లేనివారు పాత కంపెనీ తీగను అద్దెకు తీసికొనవచ్చును. వెంటనే అనేక కొత్త కంపెనీలు చిన్న వ్యాపారుల తలుపులు తట్టెను. వానిలో పెక్కింటి బ్రదుకు పోటీదారుని తీగపై ఆధారపడినది. ఆ తీగ ఎప్పుడు దొరకునో, ఎంత అద్దెకు దొరకునో తెలియక, అప్పుల బరువు మోయలేక, 2001లో నార్త్‌పాయింట్, రిథమ్స్, విన్‌స్టార్ మున్నగునవి దివాలా తీసెను. అద్దె నియమములలో ముఖ్యమైన వానిని 2004లో న్యాయస్థానము కొట్టివేసెను. హఠాత్తుగ సేవ నిలిచిన దుకాణదారు, కొత్తవానిని నమ్మినందుకు విచారించుచు పాత కంపెనీ గుమ్మమునకే మరలవలసి వచ్చెను.

స్వంత తీగ గల కేబులు కంపెనీలు నిలిచినవి. కాని వానికిని దారి సుగమము కాలేదు. వారి తీగ ఇండ్లున్న వీధులలో పరచుకొన్నది. టెలివిజను చూడని అంగళ్ల వీధులకు అది పోలేదు. కొన్నిచోట్ల దుకాణము ముందునుండియే తీగ పోవుచున్నను, రోడ్డు త్రవ్వి లోనికి తెచ్చు ఖర్చు ఒక్క చందాతో తీరెడిది కాదు. పైగా ఆ తీగ బొమ్మను క్రిందికి దించుటకు వేసినది. పైకి పంపు మార్గము ఇరుకు. 1990 దశకములో పేటవరకు గాజుతీగయు, అటనుండి పాత తీగయు ఉండునట్లు వ్యవస్థను తిరుగకట్టిరి. 1997లో కేబులు మోడెములకు సర్వసమ్మతమైన ప్రమాణము వెలువడెను. ఆ సంవత్సరముననే కాక్స్ కంపెనీ కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో టెలిఫోను సేవను ప్రారంభించెను. 2003 నుండి ఇంటర్నెట్ పద్ధతిలో మాటను పంపు చౌక విధానము వ్యాపించెను.

అప్పటి చిన్న వ్యాపారి స్థితి యెట్టిది? టెలిఫోను కంపెనీ అమ్ము టి-1 అను తీగ 1962 నాటి విధానము. దాని వేగము సెకనుకు 15 లక్షల బిట్లకు కొంచెము మించును. అద్దె నెలకు వందల డాలర్లు. చౌకైన డి.ఎస్.ఎల్. సేవ ఎక్స్ఛేంజికి సుమారు 18,000 అడుగుల లోపలివారికే దక్కును. ఈ రెంటి నడుమ చిక్కుకొన్నవారిని చూచి కేబులు కంపెనీలు ముందుకు వచ్చెను. 2006 తరువాత కామ్‌కాస్ట్ మున్నగు కంపెనీలు ఇరువదిమందికి లోపు పనివారు గల సంస్థలపై దృష్టి నిలిపి, టెలిఫోను, ఇంటర్నెట్, టెలివిజను ఒకే బిల్లుతో ఇయ్యజూపినవి. పాత నంబరును కొత్త కంపెనీకి వెంట తీసికొనిపోవచ్చునని 1996 చట్టము కల్పించిన హక్కు ఇక్కడ ప్రాణాధారమైనది. బండిమీదను, బోర్డుమీదను, రసీదుపైనను ఉన్న నంబరు మారినచో వర్తకునికి సగము పేరు పోయినట్లే.

ఐనను మారుటకు ముందు వెనుక చూచినవారు వివేకులే. పాత రాగితీగకు విద్యుత్తు ఎక్స్ఛేంజిలోని 48 వోల్టుల బ్యాటరీలనుండి వచ్చును. దుకాణములో దీపములారినను టెలిఫోను పలుకును. కేబులు మోడెముకు దుకాణపు విద్యుత్తే దిక్కు, లేదా దాని ప్రక్కనుంచిన బ్యాటరీ. దొంగల అలారము, ఫాక్సు, కార్డు గీకు యంత్రము కొత్త తీగపై ఒక్కొక్కప్పుడు మొరాయించెను. ఇంటిలో టెలివిజను పూటసేపు ఆగిన విసుగు. దుకాణములో టెలిఫోను పూటసేపు ఆగిన నష్టము. ఈ భేదమును గ్రహించి కేబులు కంపెనీలు వ్యాపారులకై వేరు మరమ్మతు సిబ్బందిని ఏర్పరచవలసి వచ్చెను. అత్యవసర నంబరైన 911ను ఇంటర్నెట్ టెలిఫోనులు తప్పక అందింపవలెనని 2005లో కమిషన్ ఆజ్ఞాపించెను.

ఫలితము విశేషమైనది. ఒక్క కామ్‌కాస్ట్ కంపెనీకే వ్యాపారస్థుల వలన వచ్చు రాబడి 2016లో 500 కోట్ల డాలర్లను దాటెను. టెలిఫోను కంపెనీలలో వెరిజాన్ 2004లో టెక్సాస్‌లోని కెల్లర్ పట్టణమునుండి గాజుతీగను ఇండ్లకు, దుకాణములకు తెచ్చుట మొదలిడెను. కాని లాభము తక్కువయని తోచిన ప్రాంతములనుండి అదే కంపెనీ తప్పుకొనెను. మెయిన్, న్యూహాంప్‌షైర్, వెర్మాంట్ రాష్ట్రములలోని తీగలను 2008లో ఫెయిర్‌పాయింట్ అను చిన్న కంపెనీకి అమ్మివేసెను; ఆ కంపెనీ మరుసటి సంవత్సరమే దివాలాకోర్టుకు చేరెను. 2010లోను, 2016లోను మరికొన్ని రాష్ట్రముల తీగలు కొన్న ఫ్రాంటియర్ కంపెనీ 2020లో అదే దారి పట్టెను.

ఈ చరిత్రనుండి మనము గ్రహింపదగినది ఏమి? చట్టము పోటీని పిలువగలదు గాని తీగను పుట్టింపజాలదు. అద్దెతీగలపై కట్టిన పోటీ కూలినది. వేరొక పనికై ఏనాడో వేసిన తీగపై కట్టినది నిలిచినది. రెండు తీగలును సజీవముగ నున్న వీధిలో దుకాణదారుకు బేరమాడు శక్తి వచ్చినది. కాని రాగితీగను దాని యజమాని ఉపేక్షించినచోట రెండవ తీగయే ఏకైక తీగగ మారుచున్నది. అచ్చటి వర్తకుడు యజమాని పేరు మార్చుకొని పాత గుత్తకే తిరిగి వచ్చినట్లు. 2020 తరువాతి సంవత్సరములలో టెలిఫోను కంపెనీలు తీగలేని ఇంటర్నెట్‌తో దుకాణములను తిరిగి పిలుచుట మరియొక ఆశ. మూడవ దారి తెరువబడిన చోట ధర తగ్గవచ్చును.

చిన్న వ్యాపారి ఏ కంపెనీకిని మిత్రుడు కాడు, శత్రువు కాడు. అతనికి కావలసినది మూడు మాటలు: పిలుపు చేరవలెను, నంబరు తనదిగ నుండవలెను, నచ్చనినాడు వేరొక తలుపు తట్టుటకు వీలుండవలెను. మొదటిదానిని స్ట్రౌజరువంటి ఉపజ్ఞాశాలురు సాధించిరి; రెండవదానిని చట్టము ఇచ్చినది. మూడవది మాత్రము ఒకసారి వచ్చిన శాశ్వతముగ నిలుచునది కాదు. తీగలు పాతబడును, కంపెనీలు కలిసిపోవును. వీధిలో రెండవ తలుపు తెరచియున్నదో లేదో ప్రతి తరమును తిరిగి చూచుకొనవలసియే యున్నది.