బెర్నార్డ్ లీ సినీ ప్రస్థానం

బెర్నార్డ్ లీ (1908 జనవరి 10 – 1981 జనవరి 16) బ్రిటిష్ రంగస్థల, సినీ నటుడు. జేమ్స్ బాండ్ సినిమాల్లో గూఢచారి సంస్థ పెద్ద ‘ఎమ్’గా అతని ముఖం లోకమంతటికీ తెలుసు; పేరు మాత్రం చాలామందికి తెలియదు. 1962 నాటి ‘డాక్టర్ నో’ మొదలు 1979లో వచ్చిన ‘మూన్‌రేకర్’ దాకా వరసగా 11 సినిమాల్లో ఆ పాత్ర వేశాడు. ఆ పదకొండింటిలో అతను కనిపించే సమయమంతా కలిపినా ఒక్క బాండ్ సినిమా నిడివి రాదు. అయినా షాన్ కానరీ పోయి జార్జ్ లేజన్‌బీ వచ్చినా, అతని తర్వాత రోజర్ మూర్ వచ్చినా, మనం చూస్తున్నది ఆ బాండ్‌నే అని నమ్మించినవాళ్ళలో లీ ఒకడు. బాండ్ మారాడు కానీ అతన్ని మందలించే గొంతు మారలేదు.

ఎమ్ వేషం దొరికేనాటికి లీకి 54 ఏళ్ళు. అప్పటికే తెర మీద 28 ఏళ్ళ అనుభవం ఉంది. అందులో చివరి పదేళ్ళకు పైగా ఎక్కువగా పోలీసు వేషాలతోనే గడిచింది.

తొలి రోజులు

లీ పుట్టింది అప్పట్లో లండన్‌ను ఆనుకుని ఉన్న బ్రెంట్‌ఫర్డ్‌లో అంటారు. తండ్రి ఎడ్మండ్ లీ కూడా నటుడే. 1914లో, ఆరేళ్ళ వయసులో, తండ్రితో కలిసి లండన్ ఆక్స్‌ఫర్డ్ మ్యూజిక్ హాల్‌లో ‘ది డబుల్ ఈవెంట్’ అనే చిన్న నాటికలో మొదటిసారి రంగస్థలం ఎక్కాడు. ఇరవై ఏళ్ళ తర్వాత, 1934లో, అతను సినిమాల్లోకి వచ్చిన చిత్రం పేరు కూడా ‘ది డబుల్ ఈవెంటే’. ఈ రెంటి మధ్య కొన్నాళ్ళు సౌతాంప్టన్‌లో పళ్ళు అమ్మే పని చేశాడు. ఆ తర్వాత రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌లో చేరి నటన నేర్చుకున్నాడు.

1930లలో బ్రిటన్‌లో సినిమా వేషం దొరకడం మరీ కష్టమేమీ కాదు. 1927లో వచ్చిన చట్టం ప్రకారం అక్కడి హాళ్ళు ఏటా ఇంత వంతున స్వదేశీ చిత్రాలు ఆడించి తీరాలి. దాంతో ఆ వంతు నింపడానికి తక్కువ ఖర్చుతో, కొద్ది వారాల్లో చుట్టేసిన సినిమాలు కుప్పలుగా వచ్చాయి. వీటికి ‘కోటా క్వికీలు’ అని వెక్కిరింపు పేరు. కథ ఎలా ఉన్నా అందులో ఒక డాక్టరు, ఒక వకీలు, ఒక ఇన్‌స్పెక్టరు ఉండాలి కదా! రంగస్థలం మీద నలిగి, ఒక్క టేకులో డైలాగు చెప్పేసే నటుడికి అక్కడ పని తప్పకుండా దొరికేది. స్టూడియోలు చాలావరకు లండన్ చుట్టుపక్కలే. పగలు షూటింగు, రాత్రి వెస్ట్ ఎండ్‌లో నాటకం. హాలీవుడ్ నటుడికి లేని వెసులుబాటు ఇది. ఆ తరం బ్రిటిష్ సినిమాల్లో రెండు నిమిషాలు కనిపించి పోయే మనిషి కూడా అంత నిండుగా కనిపించడానికి కారణం ఇదే అనుకోవాలి. మన దగ్గర క్యారెక్టర్ ఆర్టిస్టు అనిపించుకునే నటులకు అక్కడ అది స్వర్ణయుగం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో లీ సైన్యంలో పనిచేసి, 1946లో మళ్ళీ మేకప్ వేసుకున్నాడు.

సార్జెంట్ పెయిన్

లీని నిలబెట్టిన సినిమా 1949లో వచ్చిన ‘ది థర్డ్ మ్యాన్’. రచన గ్రాహం గ్రీన్, దర్శకత్వం కారల్ రీడ్. నాలుగు దేశాల సైన్యాలు పంచుకుని ఏలుతున్న వియన్నా నగరంలో కల్తీ పెన్సిలిన్ అమ్ముకునే హ్యారీ లైమ్ కోసం వేట ఈ కథ. ఆర్సన్ వెల్స్ లైమ్‌గా, జోసెఫ్ కాటెన్ అతని స్నేహితుడు హాలీ మార్టిన్స్‌గా, ట్రెవర్ హోవర్డ్ మేజర్ కాలవేగా వేశారు. లీ వేసింది కాలవే కింద పనిచేసే సార్జెంట్ పెయిన్ వేషం.

మార్టిన్స్ చవకబారు కౌబాయ్ నవలలు రాసుకుని బతికే మనిషి. తాగి మేజర్ మీద చెయ్యెత్తితే, పెయిన్ ఒక్క గుద్దుతో అతన్ని పడగొడతాడు. ఆ వెంటనే చెయ్యి పట్టి లేపి, దుమ్ము దులిపి, తను మీ నవలలు చదివానని, మీ అభిమానినని మర్యాదగా చెప్తాడు. కొట్టడమూ డ్యూటీయే, లేపి నిలబెట్టడమూ డ్యూటీయే. అందులో పగా లేదు, క్షమాపణా లేదు. ఆ సినిమాలో అందరూ ఏదో ఒకటి దాచుకుంటారు, ఒక్క పెయిన్ తప్ప. అందుకే చివర్లో మురుగు కాలువల సొరంగంలో లైమ్ తుపాకీకి పెయిన్ బలైనప్పుడు లైమ్ మీద మనకు మిగిలిన కాస్త మోజు కూడా పోతుంది. వెల్స్ మెరుపులో ఈ సంగతి చాలామంది గమనించరు కానీ, లైమ్ చావును ప్రేక్షకుడు ఒప్పుకునేలా చేసింది పెయిన్ చావే.

పోలీసు టోపీ

ఆ తర్వాతి పదేళ్ళూ లీకి ఖాకీ, కోటు, టోపీ తప్పలేదు. 1950లో ఈలింగ్ స్టూడియో తీసిన ‘ది బ్లూ ల్యాంప్’లో, హత్యకు గురైన కానిస్టేబుల్ కేసు దర్యాప్తు చేసే ఇన్‌స్పెక్టర్ చెర్రీ అతనే. అదే ఏడు అలెక్ గిన్నెస్ హీరోగా వచ్చిన ‘లాస్ట్ హాలిడే’లోనూ ఇన్‌స్పెక్టరే. 1953లో ‘ది యెల్లో బెలూన్’లో కానిస్టేబుల్, జాన్ హ్యూస్టన్ తీసిన ‘బీట్ ది డెవిల్’లో స్కాట్లండ్ యార్డ్ అధికారి. 1954లో గిన్నెస్ పాదిరీ వేషం కట్టిన ‘ఫాదర్ బ్రౌన్’లో మళ్ళీ ఇన్‌స్పెక్టర్ వాలంటైన్. 1960లలో మెర్టన్ పార్క్ స్టూడియో వరసగా తీసిన ఎడ్గార్ వాలెస్ అపరాధ చిత్రాల్లో కొన్నిటిలో సూపరింటెండెంట్ మెరెడిత్. ఇవి గంట నిడివి గల సినిమాలు. హాల్లో అసలు బొమ్మకు ముందు వేసేవాళ్ళు.

ఈ జాబితా చూసి లీ ఒకే మూసలో ఉండిపోయాడని అనుకుంటే పొరపాటు. అతని పోలీసుల్లో కేకలు వేసేవాడు దాదాపు లేడు. గుండ్రటి ముఖం, కిందికి జారినట్టున్న కళ్ళు, గొంతులో కాస్త జీర. ఎప్పుడూ నిద్ర చాలనట్టు కనిపిస్తాడు. చట్టం అతనికి ఒక ఆదర్శంలా కాక రోజువారీ ఉద్యోగంలా ఉంటుంది. తెర మీద అధికారాన్ని ఎత్తుగా నిలబడి చూపించిన నటులు బ్రిటన్‌లో కొల్లలు. అధికారంలో ఉండే అలసటను చూపించినవాళ్ళు తక్కువ. లీ సొత్తు అదే. ఎమ్ వేషం అతనికి అచ్చొచ్చింది కూడా అందువల్లే.

యూనిఫాం లేని వేషాల్లో లీ ఎంతవరకు వెళ్ళగలడో చూడాలంటే మూడు సినిమాలు చాలు. 1958 నాటి ‘డంకర్క్’లో అతను చార్ల్స్ ఫోర్‌మన్ అనే పత్రికా రచయిత. ఫ్రాన్స్ తీరంలో చిక్కుకున్న సైనికుల కోసం సొంత పడవలో సముద్రం దాటి వెళ్ళి అక్కడే ప్రాణం పోగొట్టుకుంటాడు. 1960 నాటి ‘ది యాంగ్రీ సైలెన్స్’లో ఫ్యాక్టరీ కార్మిక నాయకుడు బెర్ట్ కొనలీ. సమ్మెలో కలవని ఒక కార్మికుడితో ఎవరూ మాట్లాడకూడదని వెలివేసే కథ అది. ఆ ఒంటరి కార్మికుడిగా వేసిన రిచర్డ్ అటెన్‌బరో తర్వాత ‘గాంధీ’ సినిమా దర్శకుడిగా మనకు దగ్గరయ్యాడు. కొనలీ చేసేది కటువైన పనే. అయినా లీ అతన్ని దుర్మార్గుడిగా ఆడలేదు; పట్టుదల ముదిరి మొండితనమైన మామూలు మనిషిలా ఆడాడు. 1961లో ‘విజిల్ డౌన్ ది విండ్’. గొడ్ల పాకలో దాక్కున్న హంతకుణ్ణి ఏసుక్రీస్తు అనుకునే పిల్లల కథ. అందులో లీ వాళ్ళ తండ్రి, లాంకషైర్ రైతు. పిల్లల లోకంలో ఏం జరుగుతోందో పట్టించుకునే తీరిక లేని పెద్దమనిషి.

నాటకరంగాన్నీ వదల్లేదు. 1950లో లండన్‌లో మొదలై ఏళ్ళ తరబడి ఆడిన ‘సీగల్స్ ఓవర్ సొరెంటో’ అనే నావికుల హాస్య నాటకంలో వేసి, 1954లో అదే సినిమాగా వస్తే అందులోనూ కనిపించాడు.

ఎమ్ గది

‘డాక్టర్ నో’లో ఎమ్ మొదటి సన్నివేశం నాలుగైదు నిమిషాలు. తెల్లవారు జామున బాండ్‌ను పిలిపించి జమైకా పని అప్పగిస్తాడు. పోబోయేవాణ్ణి ఆపి, అతని బెరెటా పిస్తోలు లాక్కుని వాల్టర్ పీపీకే ఇప్పిస్తాడు. కిందటిసారి ఆ బెరెటా మొరాయించి బాండ్ ఆరు నెలలు ఆసుపత్రిలో పడ్డాడు మరి. బడిపిల్లవాడి జేబులోంచి గోళీలు తీసేసుకున్న మాస్టారిలా లీ ఆ పని చేస్తాడు. మారు మాట్లాడలేక, పాత పిస్తోలును దొంగచాటుగా పట్టుకుపోబోయి దొరికిపోతాడు కానరీ. ఆ ఒక్క సన్నివేశంతో ఇద్దరి లెక్కా తేలిపోయింది. బయట ఎవరికీ జంకని మనిషి ఈ గదిలో చేతులు కట్టుకోవాలి. ఆ భయం లేకపోతే బాండ్ కేవలం షోకిలా గూండా అయిపోయేవాడు.

నవలల్లో ఎమ్ పాత్రకు ఇయాన్ ఫ్లెమింగ్ కొంతవరకు ఆధారం చేసుకున్నది, యుద్ధకాలంలో నౌకాదళ గూఢచారి విభాగంలో తన పై అధికారి అయిన అడ్మిరల్ జాన్ గాడ్‌ఫ్రీని. ఈ గాడ్‌ఫ్రీ పేరు భారత చరిత్రలో వేరే అధ్యాయంలో తగులుతుంది. 1946 ఫిబ్రవరిలో బొంబాయిలో మొదలై కరాచీ, మద్రాసు, విశాఖపట్నం దాకా పాకిన నావికుల తిరుగుబాటు నాటికి రాయల్ ఇండియన్ నేవీ అధిపతి ఆయనే. మన నావికులు ఎదిరించిన అధికారి నీడ ఫ్లెమింగ్ పుస్తకాల మీదుగా లీ కుర్చీ దాకా వచ్చిందన్నమాట.

పదకొండు సినిమాల్లోనూ రచయితలు లీని ఆ బల్ల వెనకే కట్టి పడెయ్యలేదు. ‘యు ఓన్లీ లివ్ ట్వైస్’లో అతని గది జలాంతర్గామిలో ఉంటుంది, ఒంటి మీద నౌకాదళ యూనిఫాం. ‘ది మ్యాన్ విత్ ది గోల్డెన్ గన్’లో హాంకాంగ్ రేవులో ఒరిగి మునిగిన క్వీన్ ఎలిజబెత్ ఓడలో, గదంతా ఏటవాలు. ‘ది స్పై హూ లవ్డ్ మీ’లో ఈజిప్టు శిథిలాల్లో రష్యా జనరల్ గోగోల్‌తో కలిసి కూర్చుంటాడు. గోగోల్ అతన్ని ‘మైల్స్’ అని పిలుస్తాడు. 1973 నాటి ‘లివ్ అండ్ లెట్ డై’లో తెల్లవారకముందే బాండ్ ఇంటికే వచ్చేస్తాడు. బాండ్ యంత్రం తిప్పి కాఫీ పెడుతుంటే, ఇంత హడావిడీ ఇందుకేనా అన్నట్టు లీ చూసే చూపు చాలా డైలాగుల కన్నా మేలు.

నటుడిగా లీకి ఎక్కువ చోటిచ్చిన బాండ్ చిత్రం 1969 నాటి ‘ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్’. కొత్త బాండ్ లేజన్‌బీని జనం ఒప్పుకుంటారో లేదో అన్న బెంగ నిర్మాతలది. కథలో ఎమ్ మీద కోపంతో బాండ్ రాజీనామా ఇస్తాడు. సెక్రటరీ మనీపెన్నీ దాన్ని రెండు వారాల సెలవు చీటీగా మార్చేస్తుంది. బాండ్ ఊపిరి పీల్చుకుని ఆమెకు కృతజ్ఞతలు చెప్పి వెళ్ళగానే, లోపలి గదిలోంచి ఎమ్ కూడా అదే కృతజ్ఞత చెప్తాడు. పైకి కనబడనివ్వని మమకారం అది. ఆ సినిమాలోనే ఎమ్ ఇల్లు చూస్తాం, సీతాకోకచిలుకలు సేకరించే అతని అలవాటు తెలుస్తుంది, చివర బాండ్ పెళ్ళిలోనూ పెద్దగా నిలబడతాడు.

గూఢచారులకు అటూ ఇటూ

బాండ్ సినిమాల జోరు మధ్యలో లీ అదే లోకాన్ని అవతలి ఒడ్డు నుంచీ చూపించాడు. 1964లో ‘రింగ్ ఆఫ్ స్పైస్’లో పోర్ట్‌లండ్ నౌకాస్థావరం రహస్యాలను సోవియట్లకు అమ్మి 1961లో జైలుకెళ్ళిన హెన్రీ హౌటన్‌గా వేశాడు. అది నిజంగా జరిగిన కథ. ‘గోల్డ్‌ఫింగర్’ వచ్చిందీ ఆ ఏడే. దేశరహస్యాలు కాపాడే పెద్దా అతనే, వాటిని డబ్బుకు అమ్ముకునే తాగుబోతు గుమాస్తా అతనే. మరుసటి ఏడు ‘ది స్పై హూ కేమ్ ఇన్ ఫ్రమ్ ది కోల్డ్’లో రిచర్డ్ బర్టన్ చేతిలో దెబ్బలు తినే కిరాణా కొట్టు యజమాని. 1967లో ఇటలీవాళ్ళు షాన్ కానరీ తమ్ముడు నీల్‌ను హీరోగా పెట్టి బాండ్‌కు నకలు తీస్తే, మనీపెన్నీ వేసే లోయిస్ మాక్స్‌వెల్‌తో పాటు లీ కూడా వెళ్ళి అందులో వేశాడు. ఆ సినిమా గురించి ఇంతకన్నా చెప్పుకోనక్కర్లేదు.

చివరి ఏళ్ళు

1972 జనవరిలో కెంట్‌లోని ఇల్లు అగ్నిప్రమాదంలో కాలిపోయి భార్య చనిపోయింది. లీ కుంగిపోయాడు, అప్పులూ మీద పడ్డాయి. వాటి నుంచి తేరుకోవడానికి తెర మీద తనను కొట్టిన బర్టనే డబ్బు సాయం చేశాడని చెబుతారు. ‘లివ్ అండ్ లెట్ డై’ నాటికి అతను నటించే స్థితిలో ఉంటాడో లేడోనని కెన్నెత్ మోర్‌ను సిద్ధంగా ఉంచారనీ అంటారు. లీ వచ్చాడు, నటించాడు. 1974లో హామర్ స్టూడియో వారి ఫ్రాంకెన్‌స్టైన్ చిత్రంలో పిచ్చాసుపత్రిలోని శిల్పి టార్మట్‌గా కనిపించాడు. అతని చేతులనే డాక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ తన రాక్షసుడికి అతికిస్తాడు. ‘మూన్‌రేకర్’ అతని ఆఖరి బాండ్ చిత్రం.

‘ఫర్ యువర్ ఐస్ ఓన్లీ’ షూటింగు నాటికి కడుపు క్యాన్సర్ ముదిరింది. 1981 జనవరి 16న లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో కన్నుమూశాడు. నిర్మాతలు ఆ కుర్చీలో మరొకర్ని వెంటనే కూర్చోబెట్టలేదు. ఎమ్ సెలవులో ఉన్నాడని కథలో రాసి, అతని మాటలను మంత్రికీ, ప్రధాన సహాయకుడికీ పంచారు. 1983లో ‘ఆక్టోపసీ’తో రాబర్ట్ బ్రౌన్ ఎమ్ అయ్యాడు.

లీ మనవడు జానీ లీ మిల్లర్ కూడా నటుడే. 1996 నాటి ‘ట్రెయిన్‌స్పాటింగ్’లో అతను వేసిన సిక్ బాయ్ పాత్రకు పొద్దస్తమానం షాన్ కానరీ గొడవే. 1999లో వచ్చిన ‘ది వరల్డ్ ఈజ్ నాట్ ఇనఫ్’లో గూఢచారి సంస్థ తాత్కాలికంగా స్కాట్లండ్‌లోని ఒక కోటకు మారుతుంది. అప్పటి ఎమ్ జూడీ డెంచ్. ఆ కోట గోడ మీద ఒక పెద్ద తైలవర్ణ చిత్రం వేలాడుతుంటుంది. అందులో ఉన్నది బెర్నార్డ్ లీ.