అడ్డుపడింది అప్పు కాదు, చిరునామా

బెంగళూరు మడివాళలో రాత్రి బస్సెక్కి ఆంధ్రాకు వెళ్లొచ్చే వలసకూలీకి బ్యాంకు గడప దగ్గర చాలాకాలం అడ్డుపడింది పాత బాకీ కాదు. తెలిసినవాడి పరిచయ సంతకం, స్థానిక చిరునామా. అప్పుల చరిత్ర రాసిపెట్టే సిబిల్ పుట్టిందే 2000లో. రిజర్వు బ్యాంకు 2005లో నో-ఫ్రిల్స్ ఖాతాలు తెరవమంది, 2012లో వాటిని కనీస నిల్వ అక్కర్లేని ప్రాథమిక పొదుపు ఖాతాలుగా మార్చింది. సరైన పత్రాలు లేనివారికి 2010 డిసెంబరులోనే చిన్న ఖాతా వచ్చింది: ఫొటో, సంతకం లేదా వేలిముద్ర చాలు. నిల్వ 50,000 రూపాయలు దాటకూడదన్న షరతు మాత్రం ఇరుకే.

ఎగవేతదారుకు ఖాతా ఎందుకనేవారున్నారు. పొదుపు ఖాతాలో సొమ్ము అతనిదే, బ్యాంకు ఇచ్చిన అప్పు కాదు! అయితే బాకీపడ్డ బ్యాంకులోనే తెరిస్తే, అది ఆ సొమ్మును బాకీకి జమకట్టుకోవచ్చు. వేరే బ్యాంకు మేలు. 2014 ఆగస్టు 28న మొదలైన జన్‌ధన్ ఖాతాల పథకంలోనూ పాత బాకీ ప్రశ్న వచ్చేది ఓవర్‌డ్రాఫ్టు అడిగినప్పుడే.