హుద్‌హుద్ తరవాత మన కొట్లు ఎలా తెరుచుకున్నాయి



ఈ ఏడాది నివేదికలో మన సంఘాల పాత సంగతి ఒకటి రాయమని సమాఖ్య మీటింగులో అన్నారు. మేము హుద్‌హుద్ రోజులు తీసుకున్నాం. ఆ తుఫాను ఎంత గట్టిగా కొట్టిందో విశాఖలో ఎవర్ని అడిగినా చెబుతారు. కానీ ఆ తరవాత మూతపడిన కొట్లు, బళ్లు, కుట్టు మిషన్లు ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారు, ఏం చూసుకుని మొదలుపెట్టారు అన్నది ఎక్కడా రాసిపెట్టుకోలేదు. మా సంఘం మినిట్స్ పుస్తకం తీసి, పాత సభ్యుల్ని కూర్చోబెట్టి అడిగి ఇది రాస్తున్నాం.

2014 అక్టోబరు 12, ఆదివారం. మధ్యాహ్నం వేళ తుఫాను విశాఖపట్నం దగ్గరే తీరం దాటింది. గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. మధ్యలో కాసేపు అంతా ఆగిపోయింది. అయిపోయిందనుకుని కొందరం బయటికి కూడా వచ్చాం. అది తుఫాను కన్ను అని తరవాత తెలిసింది. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొట్టింది. మర్నాడు ఏ వీధి చూసినా చెట్లు అడ్డం, కరెంటు స్తంభాలు నేల మీద. విమానాశ్రయం పైకప్పే లేచిపోయింది, ఇక మా రేకుల కొట్లు ఎంత? కరెంటు లేదు, కుళాయి రాదు, ఫోను పలకదు, ఏటీఎంలో డబ్బు రాదు.

అప్పుడు మా సంఘంలో నలుగురికి సొంత వ్యాపారం ఉండేది. ఎవరికి ఎక్కువ నష్టం జరిగితే వాళ్లు ఆఖరున తెరుస్తారని అనుకున్నాం. అలా జరగలేదు.

టిఫిన్ బండి అక్కకు బండి బోర్లా పడింది, పైరేకు ఎక్కడికి పోయిందో తెలీదు. అయినా అందరికంటే ముందు నిలదొక్కుకున్నది ఆమే. నాలుగో రోజుకే పొయ్యి వెలిగించింది. కరెంటు లేక గ్రైండర్ తిరగదు కాబట్టి ఇడ్లీ, దోసె మానేసి ఉప్మా, టీ పెట్టింది. ఎందుకంత ధైర్యం అని అడిగితే, "స్తంభాలు ఎత్తడానికి బయట జిల్లాల నుంచి లైన్‌మెన్లు వచ్చారు కదమ్మా, వాళ్లకి తిండి ఎవరు పెడతారు?" అంది. హోటళ్లు మూసి ఉన్నాయి. ఆమెకు కొనేవాళ్లు కళ్లముందే ఉన్నారు.

కిరాణా కొట్టు వదినకు గోడలు బాగానే ఉన్నాయి, సరుకు తడవలేదు. రెండో రోజే సగం తలుపు తెరిచింది. కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు గంటలో అయిపోయాయి. కొత్త సరుకు రావాలంటే హోల్‌సేల్ కొట్లు తెరవలేదు. కూలి పనులు లేక వచ్చినవాళ్లంతా అరువే అడిగారు. ప్రభుత్వం ఇంటింటికీ బియ్యం, పప్పు, నూనె ఇచ్చింది. అది లేకపోతే చాలామంది పస్తులుండేవాళ్లం, కానీ కొట్లో బియ్యం కొనేవాళ్లు లేకపోయారు. ఆమె మళ్లీ మూసేసి, కూలి పనులు మొదలయ్యాక తెరిచింది.

ఎండు చేపలు అమ్మే పిన్ని సంగతి వేరు. పడవలు దెబ్బతిన్నాయి, వలలు పోయాయి. పడవ కడలి మీదకి పోకపోతే చేప లేదు, చేప లేకపోతే ఆమె బుట్టలో ఏముంటుంది? పడవలు బాగయ్యేదాకా ఇళ్లలో పనికి పోయింది.

నాలుగో ఆవిడ కుట్టు మిషన్ అక్క. వానకి మిషన్ తడిసి మోటారు పాడైంది. దీపావళి అక్టోబరు 23న, అంటే పదకొండు రోజులే. పండక్కి జాకెట్లు కుట్టించుకునేవాళ్లు గుడ్డలు ఇచ్చి ఉన్నారు. మిషన్ బాగుచేయించుకోడానికి సంఘం పొదుపు నుంచి ఐదు వేలు అడిగింది. మేము ఇవ్వలేదు. "కిరాణా కొట్టు పెద్దది, ముందు దానికిద్దాం. బ్యాంకు వాయిదా కూడా కట్టాలి" అని తీర్మానం రాశాం. ఆమె పది రూపాయల వడ్డీకి బయట తెచ్చుకుంది. పండక్కి జాకెట్లు ఇచ్చింది, కానీ ఆ అప్పు తీరడానికి ఏడాది దాటింది. కిరాణా వదినకు మేమిచ్చిన డబ్బు సరుకు దొరక్క నెల్లాళ్లు పెట్టెలోనే ఉంది.

కొన్నేళ్ల తరవాత ఒక శిక్షణలో సారు శ్రీలంక సంగతి చెప్పారు. 2004 డిసెంబరు 26 సునామీ తరవాత అక్కడ దెబ్బతిన్న చిన్న వ్యాపారాల్లో కొన్నింటికి, చీటీలు తీసినట్టు ఎంచి, తిరిగి కట్టక్కర్లేని డబ్బు ఇచ్చి చూశారట. డబ్బు అందినవాళ్లు అందనివాళ్లకంటే దాదాపు రెండేళ్లు ముందే పాత లాభానికి చేరుకున్నారు. అయితే సరుకు కొని అమ్మేవాళ్లకే అది బాగా ఉపయోగపడింది. వస్తువులు తయారుచేసేవాళ్లకు కావలసిన ముడిసరుకు అందక, డబ్బు ఒక్కటే చాలలేదు. మా దగ్గర తిరగబడి జరిగింది: కొట్టుకి సరుకు అడ్డం, మిషనుకి డబ్బు అడ్డం. కానీ నేర్చుకోవాల్సింది ఒకటే. ఎవరికి ఏది అడ్డమో చూడకుండా కొట్టు సైజు చూసి అప్పు ఇవ్వకూడదు.

ఇప్పుడు మా సంఘంలో ఆపద వచ్చినప్పుడు అప్పు అడిగినవాళ్లని నాలుగు మాటలు అడుగుతాం. కొనేవాళ్లు ఉన్నారా? సరుకు దొరుకుతుందా? కరెంటు, నీళ్లు లేకపోయినా నడుస్తుందా? డబ్బు ఒక్కటే తక్కువైందా? ఆఖరిదానికి అవునంటే ఆ రోజే ఇస్తాం. అందుకోసం నెలనెలా ఒక్కొక్కరం పది రూపాయలు ఆపద నిధి కింద విడిగా దాస్తున్నాం. దాన్ని బ్యాంకు వాయిదాకి ముట్టుకోం. మీ సంఘాల్లో కూడా ఈ సంగతి ఒక మీటింగులో మాట్లాడుకోండి, వాన రాకముందే.

కుట్టు మిషన్ అక్క ఇప్పటికీ మాతోనే ఉంది. ఈ వ్యాసం చదివి వినిపిస్తే, మాకు అప్పు ఇవ్వని సంగతి తీసేద్దామా అని అడిగాం. "అది తీసేస్తే ఇంకెందుకు రాయడం?" అంది. అందుకే ఉంచాం.