డిచ్‌పల్లి నుంచి మన ఊరి దవాఖాన దాకా

మన జిల్లాలో కుష్ఠు వైద్యానికి నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టరమ్మ ఇసబెల్ కెర్ 1911లో నిజామాబాద్‌లో చిన్నగా మొదలుపెట్టింది. రాజా నర్సాగౌడ్ ఇచ్చిన విరాళంతో 1915లో డిచ్‌పల్లిలో పెద్ద దవాఖాన వెలిసింది. ఆ కాలంలో మందంటే ఒక చెట్టు గింజల నూనెను సూదితో ఎక్కించడమే. ‘పెద్దరోగం’ వచ్చినవాళ్లు ఇల్లూ పిల్లల్నీ విడిచి అక్కడే ఉండాల్సి వచ్చేది.

1980లలో కొత్త మందులు వచ్చాక కాలం మారింది. ఇప్పుడు ఇంట్లోనే ఉండి, జబ్బు రకాన్ని బట్టి 6 నెలలో 12 నెలలో మాత్రలు మింగితే నయమవుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అవి ఉచితం. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలయ్యాక ఆశ అక్కలు కూడా తోడయ్యారు.

మందు దగ్గరికొచ్చింది గానీ, మచ్చను గుర్తుపట్టాల్సింది మనమే. దానికి నొప్పి ఉండదు, దురద ఉండదు. అందుకే పట్టించుకోం. బోధన్ దిక్కు చెరుకు కొట్టేటప్పుడు చేతికి కోత పడ్డా, పొయ్యి కాడ వేలు కాలినా తెలియడం లేదంటే, అది ఓర్పు కాదు, నరం దెబ్బతింటున్న గుర్తు. ఆలస్యమైతే వేళ్లు వంకర పోతాయి.

స్పర్శ తెలియని మచ్చ కనిపిస్తే ఆశ అక్కకో, ఏఎన్‌ఎంకో చూపించండి. వాళ్లే డాక్టరు దగ్గరికి పంపిస్తారు. మందు మొదలయ్యాక ఈ జబ్బు ఇంకొకరికి అంటదు. అందుకే అలాంటి అక్కను సంఘం మీటింగుకు పిలవండి, మన మధ్యనే కూర్చోబెట్టుకోండి.