సరుకు లేని అంగడి

సొంత సరుకు అక్కర్లేదు, గిడ్డంగి అక్కర్లేదు, పెద్ద పెట్టుబడీ అక్కర్లేదు. ఒక వెబ్‌సైటు, నాలుగు ప్రకటనలు ఉంటే ఉద్యోగం చేసుకుంటూనే నాలుగు రాళ్లు వెనకేసుకోవచ్చు. డ్రాప్ షిప్పింగ్ గురించి ఇవాళ వినిపించే మాట ఇది. పద్ధతి సులువే. కొనేవాడు వెబ్‌సైటులో ఆర్డరు పెడతాడు. అమ్మేవాడు దాన్ని తయారీదారుకో టోకు వ్యాపారికో పంపుతాడు. సరుకు అక్కడి నుంచే నేరుగా కొన్నవాడి ఇంటికి చేరుతుంది, రెండు ధరల మధ్య తేడా అమ్మినవాడికి మిగులుతుంది. ఇది ఇంటర్నెట్టుతో పుట్టిన వింత అనుకుంటారు గానీ, చేతిలో లేని సరుకును అమ్మడం వర్తకంలో శతాబ్దాలుగా ఉన్నదే. ఆ చరిత్ర చెప్పేది ఒకటే: సరుకు మన దగ్గర లేనంత మాత్రాన నష్టభయం లేకుండా పోదు. అది ఎవరో ఒకరి నెత్తిన ఉండే తీరుతుంది. ఎవరు నిలిచారు, ఎవరు చితికారు అన్నది దాన్ని బట్టే తేలింది.

మన తీరంలోనే దీనికి సాక్ష్యం ఉంది. మచిలీపట్నంలో డచ్చివారు 1605లో, ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ 1611లో వర్తక స్థావరాలు పెట్టారు. అక్కడ బేరం కుదిరే నాటికి చాలా గుడ్డలు మగ్గం మీదికి కూడా ఎక్కేవి కావు. కావలసిన రకాల జాబితాలు, నమూనా గుడ్డలు ఐరోపా నుంచి వచ్చేవి. స్థానిక వర్తకులు కంపెనీ దగ్గర బయానా తీసుకుని, దాన్ని పల్లెల్లోని నేతగాళ్లకు పంచి, ఓడ బయలుదేరే వేళకు సరుకు అందించాలి. 17వ శతాబ్దంలో మద్రాసులో కంపెనీకి ప్రధాన వర్తకుడిగా ఉన్న కాసి వీరన్న వంటివారి బలం మగ్గాల్లో లేదు, పరపతిలో ఉంది. అయితే గుడ్డ వచ్చాక కంపెనీవాళ్లు దాన్ని నమూనాతో పోల్చి తరగతులుగా విడగొట్టేవారు, నాసిగా ఉందని ధర తగ్గించేవారు, కొంత తిప్పి పంపేవారు. తిప్పి పంపిన గుడ్డ వర్తకుడి మీద పడేది. నేతగాడికిచ్చిన బయానా రాకపోతే వర్తకుడు కంపెనీకి బాకీపడేవాడు. నేతగాడికి మాత్రం ఒక పాత స్వేచ్ఛ ఉండేది: బయానా తిరిగిచ్చేసి ఒప్పందం నుంచి బయటపడటం. 18వ శతాబ్దం చివరికి రాజ్యాధికారం చేజిక్కిన కంపెనీ, మధ్య వర్తకులను పక్కకు నెట్టి గుమాస్తాలను పెట్టి, ఆ స్వేచ్ఛకు కూడా కళ్లెం వేసింది. అలా నష్టభయం అంచెలంచెలుగా దిగి, దాన్ని మోయగల శక్తి అందరికన్నా తక్కువ ఉన్న నేతగాడి దగ్గర ఆగింది.

డ్రాప్ షిప్పింగుకు నేరుగా పూర్వీకుడు మాత్రం అమెరికా తపాలా వర్తకం. చికాగోలో మాంట్‌గోమరీ వార్డ్ 1872లో ఆ వర్తకం మొదలుపెట్టాడు. ఆ వర్తకంలో మహాసామ్రాజ్యం కట్టిన రిచర్డ్ సియర్స్ కథ 1886లో మిన్నెసోటా రాష్ట్రంలోని ఒక చిన్న రైల్వే స్టేషన్లో మొదలైంది. ఆయన అక్కడ స్టేషన్ ఏజెంటు. ఊళ్లోని నగల వ్యాపారి వద్దన్న గడియారాల పార్సిల్ ఒకటి స్టేషన్లో ఉండిపోయింది. సియర్స్ వాటిని తీసుకుని, అదే రైలు మార్గంలోని తోటి ఏజెంట్లకు అమ్మి లాభం చూశాడు. ఉద్యోగం చేస్తూ చేసిన పక్క వ్యాపారమే అది. సరుకు చేతికి రాకముందే ప్రకటన వేయడం, ఆర్డర్లు వచ్చాక సరుకు కోసం పరుగెత్తడం ఆయనకు తర్వాత కూడా అలవాటు. ప్రకటనలు రాయడంలో ఆయన్ను మించినవాడు లేడు. ఆర్డర్లు కుప్పలుగా వచ్చేవి, ఫిర్యాదులు, తిరుగు పార్సిళ్లు కూడా వచ్చేవి. ఆయన కంపెనీ ఆ దశలోనే ఆగిపోయి ఉంటే ఇవాళ దాని పేరు ఎవరికీ తెలిసేది కాదు. 1895లో భాగస్వామిగా వచ్చిన జూలియస్ రోజెన్‌వాల్డ్ వ్యవహారానికి క్రమం తెచ్చాడు. 1906లో చికాగోలో బ్రహ్మాండమైన గిడ్డంగి, ఆర్డర్ల కేంద్రం వెలిశాయి. 1911లో సరుకు నాణ్యతను పరీక్షించే ప్రయోగశాల వచ్చింది. నచ్చకపోతే డబ్బు వాపసు అన్న హామీని వార్డ్ 1875లోనే ఇచ్చాడు, సియర్స్ కూడా అదే బాట పట్టాడు. ముఖం తెలియని అమ్మకందారుకు పల్లె రైతు డబ్బు పంపింది ఆ హామీని చూసే. నష్టభయాన్ని తన మీద వేసుకున్నాకే ఆ వ్యాపారం నిలిచింది.

మన దేశంలో తపాలా వర్తకం వి.పి.పి. (వాల్యూ పేయబుల్ పోస్ట్) రూపంలో జరిగింది. 1877లో తపాలా శాఖ తెచ్చిన ఆ ఏర్పాటులో పోస్ట్‌మన్ పార్సిల్ ఇచ్చి సొమ్ము వసూలు చేస్తాడు, సొమ్ము అమ్మినవాడికి చేరుతుంది. పుస్తకాలు, మందులు దూరపు ఊళ్లకు ఇలాగే వెళ్లాయి. కొనేవాడికి ఇందులో ముందే డబ్బు పంపే భయం లేదు, వద్దనుకుంటే పుచ్చుకోడు. పార్సిల్ వెనక్కి వస్తే తపాలా ఖర్చు అమ్మినవాడిదే. ఇప్పటి క్యాష్ ఆన్ డెలివరీ దాని మనవడు. ఇంటి గుమ్మం దగ్గర తిరస్కరించిన ప్రతి పార్సిల్ రానుపోను ఖర్చును అమ్మినవాడి లెక్కలోనే వేస్తుంది. అమ్మకాల మీద మిగిలే స్వల్ప తేడాలను కొన్ని తిరుగు పార్సిళ్లే తినేయగలవు.

అప్పటి కష్టాలు ఉత్తరాల కాలానివి, ఇప్పుడు ఎవరి దగ్గర ఎంత సరుకుందో క్షణంలో తెలుస్తుంది కదా అని అడగవచ్చు. 1999లో ఇంటర్నెట్టులో బూట్ల అమ్మకం మొదలుపెట్టిన అమెరికా సంస్థ జాపోస్ దీనికి జవాబు. అది మొదట బూట్లను తయారీదారుల గిడ్డంగుల నుంచే పంపించింది. కానీ వాళ్లు ఉందన్న సరుకు ఆర్డరు వేళకు ఉండేది కాదు. ఆలస్యానికి మాటపడింది జాపోసే. అమ్మకాల్లో సుమారు నాలుగో వంతు ఆ దారినే వస్తున్నా, 2003లో దాన్ని వదులుకుని పూర్తిగా సొంత గిడ్డంగికి మారింది. 2009లో అమెజాన్ దాన్ని కొన్నది దాని సేవకు వచ్చిన పేరు చూసే. అంకెలు తెర మీద కనిపిస్తాయి. కుట్టు ఊడిన బూటు, రంగు వెలిసిన చీర కనిపించవు.

దీనికన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారులు సరుకు తమది కాకుండానే తరతరాలుగా బతకడం లేదా? బతుకుతున్నారు. కానీ వాళ్లు ఊరికే మధ్యలో నిలబడలేదు. సాగుకు రైతుకు అప్పు ఇస్తారు, కొనుగోలుదారు డబ్బు ఆలస్యమైనా రైతుకు తాము సర్దుతారు, ఏ కాయకు ఏ ధర పలుకుతుందో చూపుతోనే చెబుతారు. వడ్డీ విషయంలో, తూకం విషయంలో వాళ్ల మీద రైతుల ఫిర్యాదులు తక్కువేమీ కావు. అయినా సరుకు స్థానంలో అప్పు, పూచీ, అనుభవం పెట్టినవాళ్లే అక్కడ నిలుస్తున్నారు. కాబట్టి ఈ ఉదాహరణ మన వాదాన్ని కాదనడం లేదు, బలపరుస్తోంది.

ఇప్పుడు చట్టం కూడా ఇదే చెబుతోంది. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, సరుకు లోపభూయిష్టమైనా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా అమ్మినవాడు వెనక్కి తీసుకోనని అనరాదు, డబ్బు ఇవ్వననీ అనరాదు. నేను చూడనే లేదు, పంపింది వేరొకరు అన్న సాకు కొన్నవాడి ముందు చెల్లదు. డ్రాప్ షిప్పింగు మోసమనీ, దాంతో పక్క ఆదాయం రాదనీ అనడం తప్పు. సియర్స్ మొదలైంది అక్కడే. కానీ అది వ్యాపారానికి గుమ్మం మాత్రమే. దిగదలచినవారు పెట్టుబడి ఎంత తక్కువో లెక్కవేసుకునే ముందు, నూటికి ఎన్ని పార్సిళ్లు తిరిగి వచ్చినా తట్టుకోగలరో లెక్కవేసుకోవాలి. అమ్మబోయే వస్తువును ముందు తమ డబ్బుతో తెప్పించుకుని చూడాలి. ఆ రెండూ చేయలేనివారు ఈ వ్యాపారంలో దిగకపోవడమే మేలు.